కొండ గీసే చెవి

సంత రోజు గుణుపురం.
బెల్లం దిమ్మల అంగడి వెనక సందులో
మా రెండు గదుల పరిశోధన.
ఒక గదిలో బల్ల, బల్ల మీద మిషను,
మిషను కింద నాలుగు మడతల దుప్పటి.
బల్ల వణికితే గీత వణుకుతుంది.

వంశధార అవతల నుంచి వానలో నడిచి
పిల్లాణ్ణి చంకనేసుకొచ్చింది ఝుమ్మి సబర.
లక్కాయి. రెండేళ్ళ నాలుగు నెలలు.
కుడిచెవి పట్టుకుని రాత్రంతా మూలిగాడట.

"ఎన్ని గంటలు ఏడ్చాడు?" ఫారంలో మూడో గడి.
నేను ఒడియాలో అడుగుతాను,
ఆశాదిదీ సవరలోకి మారుస్తుంది,
జవాబు మాత్రం ముసలమ్మ ఇస్తుంది,
పార్వతీపురంలో చింతపండు అమ్మిన నాటి తెలుగులో:
"ఏడిసినంతసేపూ ఏడిసినాడు బావూ.
కోడి కూసినాక అలిసిపోనాడు."
గడికి అంకె కావాలి.
ఐదు అని రాశాను. కొట్టేశాను.

చెవిలో దీపం పెట్టి చూస్తాను.
ముందు వెల్లుల్లి నూనె వాసన,
తర్వాత గుబిలి, అది తీస్తే
ఎర్రగా, ఉబ్బి,
లోపలి నుంచి ఎవరో భుజంతో తోస్తున్నట్టు
కర్ణభేరి.
రబ్బరు బుడ్డి నొక్కి పిసరంత గాలి వదిలాను.
మంచి చెవైతే ఆ పాటికే
గుమ్మం తెరలా కదలాలి.
కదల్లేదు.
వానకి నానిన డప్పు.
వీళ్ళ ఊళ్ళో అయితే మంట దగ్గర కాస్తారు.
దీన్ని నేను ఏ మంట దగ్గర కాయను?

మిషను కాగితం మీద గీస్తుంది:
లోపల గాలి ఉంటే కొండ,
నీరుంటే చదును.
చుట్టూ కొండలే ఉన్న ఊరి పిల్లాడి చెవి
మైదానం గీసింది.
"ఇదేటి, మీ ఊరా?" అంది ముసలమ్మ.
మాది కళింగపట్నం దగ్గర. చదునే.

ఇక కవరు.
మూడు వందల పన్నెండు కవర్లు, నంబర్లేసి అంటించి
ఎవరో పంపారు, మేం చూడనివాళ్ళు.
కొన్నిట్లో: ఇవాళే మందు.
కొన్నిట్లో: నొప్పికి మాత్రం ఇచ్చి, మూడు రోజులు ఆగి చూడు.
చాలా చెవులు వాటంతటవే తగ్గుతాయి.
ఏవి తగ్గుతాయన్నది తెలియదు,
తెలియదు కనకే ఈ కవర్లు.

ఆ మాట ఝుమ్మికి చెప్పాలి కదా.
"నీకు తెలీదా?"
తెలీదు.
"మరి తెలిసినట్టు చేతులు కడుక్కున్నావే."

కవరు కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాలనిపించింది.
నిజమే చెబుతున్నాను.
లోపల నల్ల కాగితం పెడతారు,
మాలాంటి వాళ్ళ కోసమే.
ఝుమ్మి వేలిముద్ర వేసింది. చింపాను.

ఆగి చూడు.

మూడో రోజు ఏరు పొంగింది. ఎవరూ రాలేదు.
నాలుగో రోజు ఆశాదిదీ ఫోను:
చీము కారింది, నొప్పి పోయింది,
దిండు తడిసింది, వాడు నవ్వుతున్నాడు.
నొప్పి: లేదు. జ్వరం: లేదు. నిద్ర: బాగుంది.
"మెరుగు?" అన్న గడి ముందు కలం ఆగింది.
చిల్లి పడితే నొప్పి పోతుంది మరి.
మా లెక్కలో దాని పేరు వైఫల్యం.
ఇంట్లో వాళ్ళు దాని పేరు నిద్ర అన్నారు.
మందు సీసా సంచిలో వేసుకుని
మోకాలి లోతు నీళ్ళలో నేనే వెళ్ళాను.

పన్నెండో వారం, వరి కోతల మధ్య
ముగ్గురూ వచ్చారు.
అప్పటికి పంతొమ్మిది మంది పిల్లలు జాడ లేరు,
ఇటుక బట్టీల లారీలు ఎక్కిపోయారు,
మా చెవిన ఒక్క మాట పడకుండా.
లక్కాయి చిల్లి పూడింది.
మిషను గీసింది, మెల్లగా పైకి లేచి, మెల్లగా దిగి.
ముసలమ్మ కాగితం తిప్పి తిప్పి చూసి
"కొండేటి? పుట్ట" అంది.

చివరి పరీక్షకి మిషను అక్కర్లేదు.
వెనక నుంచి తల్లి మెల్లగా పేరు పిలవాలి.
పిలిచింది.
మిషను తీగ నోట్లో పెట్టుకుని నములుతున్నాడు వాడు.
మళ్ళీ పిలిచింది.
వినపడలేదో,
మమ్మల్నందర్నీ పెడచెవిన పెట్టాడో.
గళ్ళన్నీ వెతికాను. దానికి గడి లేదు.